ఈ కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ వయసు, విలువ ఎవరైనా చెప్పగలరా?

అమ్మమ్మ ట్రంకుపెట్టెలో జానెడు ఎత్తున్న అంబారీ ఏనుగు దొరికిందండి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియడం లేదు, కాబట్టి ఈ బొమ్మలు చేసే తేలికపాటి తెల్లపొణికి కర్రే అయ్యుండాలి. తొండం అతుకు దగ్గర రంగు పెచ్చు లేచి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు కనిపిస్తోంది. మావటివాడి చెయ్యి విరిగింది. ముక్క జాగ్రత్తగా దాచాను.

1958లో అమ్మమ్మ పెళ్లికి సారెలో వచ్చిందని అమ్మ అంటుంది. పాత సామాన్లు కొనే ఒకాయన మూడు వేలిస్తానన్నాడు. అమ్మే ఉద్దేశం లేదు, కానీ దాని అసలు విలువ తెలుసుకోవాలని ఉంది.

పైనున్నవి పాతకాలపు రంగులో, తర్వాత ఎవరైనా వేసిన ఎనామిల్ పెయింటో ఎలా గుర్తుపట్టాలి? చెయ్యి అతికిస్తే విలువ తగ్గుతుందా? తడిగుడ్డతో తుడవమంటున్నారు, రంగు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.