సోరియాసిస్ ఉన్న మా వారికి ఇప్పుడు తామర కూడా వచ్చింది, రెండింటికీ మందులు కలిపి వాడవచ్చా?

ప్రశ్న: గుంటూరు, కొరిటెపాడు నుంచి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. మా వారి వయసు 49 సంవత్సరాలు. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నారు. పదకొండేళ్లుగా ఆయనకు సోరియాసిస్ ఉంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో పొలుసులు కట్టిన మచ్చలు చలికాలంలో పెరిగి, ఎండాకాలంలో కొంత తగ్గుతుంటాయి. మూడేళ్లుగా వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు, మచ్చల మీద క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాస్తున్నారు. చక్కెర వ్యాధికీ, కొలెస్ట్రాల్‌కూ వేరే మాత్రలున్నాయి.

మార్చి నెలలో, యార్డుకు సరుకు ఎక్కువగా వచ్చే రోజుల్లో, గజ్జల్లో దురద మొదలైంది. రోజంతా ఘాటులోనూ చెమటలోనూ నిలబడే పని కాబట్టి మొదట ఒరుపు అనుకున్నాము. ఎర్రటి మచ్చలు పెరిగేసరికి ఇదీ సోరియాసిసేనని భావించి, ఇంట్లో ఉన్న క్లోబెటసాల్‌నే రాశారు. నాలుగు రోజుల్లో దురద పోయింది కాని, రాయడం ఆపిన వారానికే అంతకు రెట్టింపుగా తిరిగి వచ్చి, మొలతాడు ఒరిసే చోట నడుము చుట్టూ, అక్కడినుంచి పిరుదుల మీదికి పాకింది. దగ్గరలోని మందుల షాపులో అడిగితే నాలుగు మందులు కలిపిన మరో ట్యూబు ఇచ్చారు. దానితోనూ తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది.

ఇప్పుడు నా నడుము మడతలోనూ, మా పెద్దమ్మాయి మెడ మీదా గుండ్రని మచ్చలు కనిపిస్తున్నాయి. సోరియాసిస్ అంటువ్యాధి కాదని పదకొండేళ్లుగా చుట్టాలందరికీ ఓపికగా చెప్పుకుంటూ వచ్చిన మనిషి, తన జబ్బే మాకు అంటుకుందని కుమిలిపోతూ అమ్మాయిని దగ్గరికి కూడా రానివ్వడం లేదు. నిన్న చూపించుకున్న వైద్యులు తామర అయి ఉండవచ్చని ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మాత్రలు రాశారు. సోరియాసిస్ ఇలాగే ఉంటే మున్ముందు సెకుకినుమాబ్ ఇంజక్షన్లు ఆలోచిద్దామని కూడా అన్నారు. మాకు అంటుకున్నది ఏమిటి? మెథోట్రెక్సేట్ ఆపాలా? ఇన్ని మందులు కలిపి వేసుకోవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం: విజయవాడ, సత్యనారాయణపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మిగిలిన సంగతులకంటే ముందు మీ వారికి ఈ ఒక్క మాట వినిపించండి. సోరియాసిస్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. అది శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం వల్ల వచ్చేది, వంశంలో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంత ఎక్కువే గాని, తాకితే, తువ్వాలు పంచుకుంటే, పక్కన పడుకుంటే వచ్చేది కాదు. తామర అలా కాదు. అది ఫంగస్ వల్ల వస్తుంది, బట్టల ద్వారా, తువ్వాళ్ల ద్వారా, చర్మం తగలడం ద్వారా ఇంటిల్లిపాదికీ పాకుతుంది. ఇంట్లో ముగ్గురికీ నెలల వ్యవధిలో మచ్చలు వచ్చాయంటే అది తామరే అయ్యే అవకాశం ఎక్కువ. ఇరవై ఏళ్లకు పైగా సోరియాసిస్‌తో బతుకుతున్నవాడిని కాబట్టి, ఆయన మనసులో ఏమి జరుగుతున్నదో నాకు తెలుసు.

నాకూ ఇదే పొరపాటు జరిగింది. గజ్జల్లో, చంకల్లో వచ్చే సోరియాసిస్‌కు అక్కడి తేమ వల్ల పొలుసులు సరిగా కట్టవు. నున్నగా, ఎర్రగా, స్పష్టమైన అంచుతో ఉంటుంది. తామర మామూలుగా అంచు ఉబ్బి, మధ్యలో మానుతూ చక్రంలా పెరుగుతుంది. కాండిడా అనే మరో ఫంగస్ అయితే పెద్ద మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు విడిగా కనిపిస్తాయి. పుస్తకంలో ఈ తేడాలు చక్కగానే ఉంటాయి కాని, స్టెరాయిడ్ క్రీము ఒక్కసారి రాశామంటే అవన్నీ చెరిగిపోతాయి. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచివేస్తుంది, ఫంగస్‌ను మాత్రం చంపదు, పైగా దానిని ఎదిరించవలసిన శరీరాన్నే నిద్రపుచ్చుతుంది. అలా రూపం మార్చుకున్న తామరను అనుభవమున్న వైద్యులు కూడా కంటితో మాత్రమే చూసి చెప్పలేని సందర్భాలుంటాయి. నేను నాలుగు నెలలు గజ్జల్లో సోరియాసిస్ పెరిగిందనుకుని రోజూ రాసిన మందే ఆ తామరను తొడలంతా పాకించింది.

అందువల్ల మాత్రలు మొదలుపెట్టే ముందే మచ్చ అంచు నుంచి పొట్టు గీకి చేసే పరీక్ష చేయించండి. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. నొప్పి ఉండదు, ఖర్చు స్వల్పం, చర్మవ్యాధి విభాగమున్న పెద్ద ఆసుపత్రుల్లో ఎక్కువగా అదే రోజు ఫలితం చెబుతారు. ఇటీవల ఏ పూత మందులు రాశారో దాచకుండా చెప్పండి, ఎందుకంటే ఫంగస్ మందు రాసిన చోట పరీక్షలో ఏమీ కనిపించకపోయే వీలుంది. గజ్జల నుంచీ, మోచేతి నుంచీ విడివిడిగా నమూనా తీయమని అడగండి. మోచేతి మచ్చల్లో ఫంగస్ దొరకడం అరుదు. మామూలు చర్మం పైపొర మారడానికి దాదాపు నెల పడితే, సోరియాసిస్ మచ్చలో మూడు నుంచి ఐదు రోజులు చాలు, ఫంగస్ వేళ్లూనుకునేలోగా పొర రాలిపోతుంది. కాలిగోళ్ల సంగతి వేరు, అక్కడ రెండు జబ్బులూ కలిసి ఉండడం నేను స్వయంగా అనుభవించాను.

సమాధానం: గుంటూరు, బ్రాడీపేట నుంచి ఒక ఫార్మసిస్టు

నమస్కారమండీ. మందుల సంగతి మాత్రమే చెబుతాను, తుది నిర్ణయం మీ వైద్యులదే.

మెథోట్రెక్సేట్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. అకస్మాత్తుగా ఆపితే సోరియాసిస్ తిరగబెట్టవచ్చు, కొనసాగించాలా, కొన్ని వారాలు విరామమివ్వాలా అన్నది మచ్చల విస్తీర్ణాన్నీ రక్తపరీక్షలనూ చూసి వైద్యులు నిర్ణయిస్తారు. మెథోట్రెక్సేట్, ఇట్రాకొనజోల్ రెండూ కాలేయం మీద భారం వేసేవే కాబట్టి, మాత్రలు మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కాలేయ పరీక్ష చేయించమని అడగండి, ఆ రోజుల్లో మద్యం జోలికి అసలు వెళ్లకూడదు. కొత్త మాత్రలు చేరినప్పుడు వారానికోసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను గందరగోళంలో రోజూ వేసుకునే ప్రమాదముంది. అది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు, వారంలో ఏ రోజో కాగితం మీద రాసి గోడకు అంటించండి. జ్వరానికో గడ్డకో ఎవరైనా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, మెథోట్రెక్సేట్ వాడుతున్నామని వెంటనే చెప్పండి, ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

కొలెస్ట్రాల్ మాత్ర పేరు మీరు రాయలేదు. అది అటోర్వాస్టాటిన్ గాని సిమ్వాస్టాటిన్ గాని అయితే ఇట్రాకొనజోల్ వాటి మోతాదును రక్తంలో పెంచి కండరాలను దెబ్బతీయవచ్చు. ఫంగస్ మందు వాడినన్నాళ్లు దానిని ఆపడమో మార్చడమో చేస్తారు. గుండె బలహీనత ఉన్నవారికి ఇట్రాకొనజోల్ తగదు, ఆ చరిత్ర ఉంటే తప్పక చెప్పాలి. ఇట్రాకొనజోల్ గొట్టం మాత్రలు భోజనం చేసిన వెంటనే వేసుకుంటేనే సరిగా ఒంటికి చేరతాయి. పాంటొప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గించి ఈ మందు ఒంటికి చేరకుండా చేస్తాయి, మన దగ్గర ఆ గ్యాస్ మాత్ర అలవాటుగా వేసుకోనివారే తక్కువ కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. టెర్బినాఫిన్ అనే మరో ఫంగస్ మందు ఎందుకు రాయలేదన్న అనుమానం రావచ్చు. అది అరుదుగా సోరియాసిస్‌ను రేపుతుందని నమోదై ఉంది. అంతేకాక, 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన ఫంగస్ మన దేశంలో విస్తృతంగా ఉంది, దాని రకాల్లో చాలావాటికి టెర్బినాఫిన్ లొంగడం లేదు.

ఇక చక్కెర మాత్ర. అందులో డాపాగ్లిఫ్లోజిన్ గాని ఎంపాగ్లిఫ్లోజిన్ గాని ఉన్నదా చూడండి. అవి చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి కనుక జననాంగాల దగ్గర కాండిడా పెరగడానికి అనువు కలుగుతుంది. సోరియాసిస్‌కు చర్మ వైద్యుడూ చక్కెరకు మరో వైద్యుడూ ఉన్న ఇళ్లలో, ఒకరు రాసినది మరొకరు చూడక ఈ సంగతి తరచూ మరుగున పడిపోతున్నది.

షాపులో ఇచ్చిన, స్టెరాయిడ్ కూడా కలిసి ఉండే నాలుగు మందుల ట్యూబు గురించి నాకు బాధగానే ఉంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే పలు స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా అడిగిన వెంటనే చేతిలో పెట్టే అలవాటు మా వృత్తిలో ఇంకా పోలేదు, పోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞురాలిని. నిన్న పరీక్ష చేయించాము. గజ్జల్లోనూ నడుము దగ్గరా ఫంగస్ ఉన్నది, మోచేతి నమూనాలో లేదు. నాకూ అమ్మాయికీ కూడా తామరేనని చెప్పి, మా ఇద్దరికీ మచ్చలు కొద్దిగానే ఉన్నందున పూత మందు రాశారు. చక్కెర మాత్రల అట్ట చూస్తే ఫిబ్రవరిలో కొత్తగా చేర్చిన దానిలో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. ఆయనకు మూత్రం పోసేచోట మంట ఉన్న మాట నిజమే, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదట. చక్కెర వైద్యులను రేపు కలుస్తున్నాము. ఇంజక్షన్ల గురించి మాత్రం భయం పోలేదు. ఉన్న ఫంగస్ చాలదన్నట్టు అవి మరింత పెంచుతాయని ఎవరో అన్నారు.

సమాధానం: విజయవాడ, పటమట నుంచి సెకుకినుమాబ్ వాడుతున్న ఒక ఉద్యోగిని

అక్కా, మీరు విన్నదానిలో సగం నిజముంది. ఈ ఇంజక్షన్ ఇంటర్‌ల్యూకిన్ 17 అనే సంకేతాన్ని అడ్డుకుంటుంది. సోరియాసిస్‌ను రేపే ఆ సంకేతమే నోటిలో, మర్మావయవాల దగ్గర కాండిడాకు కాపలా కూడా కాస్తుంది. పుట్టుకతోనే ఆ సంకేత మార్గంలో లోపమున్నవారు జీవితాంతం కాండిడాతో బాధపడతారని మా వైద్యురాలు వివరించినప్పుడు నాకు విషయం అర్థమైంది. నాకు మొదటి నెలలో వారం వారం, తర్వాత నెలకొకసారి ఇంజక్షన్ ఇచ్చారు. మూడో నెలలో నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత వచ్చింది, కారం తగిలితే ప్రాణం పోయినట్టుండేది. నోటిలో వేసుకునే ఫంగస్ మందుతో రెండు వారాల్లో తగ్గింది, ఇంజక్షన్ ఆపవలసిన అవసరం రాలేదు. ఎక్కువమందికి ఇది తేలికగానే వచ్చి మందులకు లొంగుతుందట. మింగేటప్పుడు నొప్పి పుడితే మాత్రం ఆలస్యం చేయవద్దన్నారు.

మీ వారికి ముందుగా తామర పూర్తిగా తగ్గాలి, చక్కెర అదుపులోకి రావాలి, క్షయ పరీక్షలు జరగాలి. ఆ తర్వాత ఇంటర్‌ల్యూకిన్ 23 అనే మరో సంకేతాన్ని అడ్డుకునే గుసెల్కుమాబ్ వంటివి తగునేమో కూడా అడగండి, వాటితో కాండిడా బెడద తక్కువ. ఖరీదు మాత్రం ముందే కనుక్కోండి.

సమాధానం: సత్యనారాయణపురం ఉపాధ్యాయుడు

అమ్మా, పరీక్ష చేయించినందుకు సంతోషం. వైద్యులు చెప్పడానికి సమయం చాలని సంగతులు కొన్ని రాస్తున్నాను. మొలతాడు తీసివేయమనండి. అది రోజంతా చెమటతో తడిసి, ఎన్ని మందులు రాసినా ఫంగస్‌ను అదే చోట నిలిపి ఉంచుతుంది. ఆచారం పట్టింపు ఉంటే నయమయ్యాక కొత్తది కట్టుకోవచ్చు. యార్డు నుంచి రాగానే స్నానం చేసి, మడతలను మెత్తగా అద్ది, పూర్తిగా ఆరిన తర్వాతే మందు రాయాలి. మచ్చలను పీచుతో రుద్దవద్దు, సోరియాసిస్ ఉన్నవారికి గీరుకుపోయిన చోటల్లా కొత్త మచ్చ లేచే స్వభావముంటుంది. లోదుస్తులు, తువ్వాళ్లు, దుప్పట్లు వేడినీళ్లలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేసి, కుట్ల దగ్గర ఇస్త్రీ పెట్టండి. మన బెజవాడ, గుంటూరు ఎండ ఈ ఒక్క పనికైనా మనకు మేలు చేస్తుంది. వర్షాకాలంలో ఇంట్లో ఆరవేసిన చెమ్మ బనియన్లతోనే నాకు రెండోసారి వచ్చింది. ముగ్గురూ ఒకేసారి వైద్యం మొదలుపెట్టాలి, మచ్చ కనిపించకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు పూత మందు కొనసాగించాలి. క్లోబెటసాల్ ట్యూబు మీద ‘మోచేతులు, మోకాళ్లు మాత్రమే’ అని రాసి పెట్టండి, మా ఇంట్లో ఇప్పటికీ అలాగే రాసి ఉంటుంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు, ఏడు వారాల తర్వాత

అడిగినవారి బాధ్యతగా జరిగినది రాస్తున్నాను. చక్కెర మాత్ర మార్చారు, మంట పది రోజుల్లో పోయింది. కొలెస్ట్రాల్ మాత్రను ఇట్రాకొనజోల్ వాడినన్నాళ్లు ఆపించారు. రెండుసార్లు చేసిన కాలేయ పరీక్షలు బాగానే ఉండడంతో మెథోట్రెక్సేట్ ఆపలేదు. గజ్జల్లో, నడుము దగ్గర నల్లటి మరకలు మాత్రం మిగిలాయి, అవి ఫంగస్ కాదనీ నెమ్మదిగా పోతాయనీ చెప్పారు. అమ్మాయి మెడ మీద మచ్చ అందరికంటే ముందు తగ్గింది. పరీక్ష కాగితంలో మోచేతి నమూనా దగ్గర ‘ఫంగస్ లేదు’ అన్న వాక్యాన్ని ఆయన తానే రెండుసార్లు చదివి అమ్మాయికి చూపించారు. కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా మందమై ఉన్నందున దాని ముక్కను కూడా పరీక్షకు పంపించాము. అక్కడ ఫంగస్ ఉన్నదని తేలితే గోరు పూర్తిగా కొత్తది పెరగడానికి ఏడాదికి పైగా పడుతుందట, ఫలితం వచ్చే సోమవారం ఇస్తామన్నారు.