ఇంటి ముందటి రోడ్డు ఇంటాయనదేనా? నల్లగొండల కిరాయికి దిగేటోళ్ల కారు గోస

మూసీ ఒడ్డు:
ట్రాన్స్‌ఫర్ మీద వచ్చే నెల నల్లగొండకు వస్తున్నం. రామగిరిల ఇల్లు చూసినం. ఫస్ట్ ఫ్లోర్, రెండు బెడ్‌రూంలు, గాలి వెలుతురు మంచిగున్నయి. గడియారం సెంటర్‌కు నడిచే పోవచ్చు. అన్నీ నచ్చినయి గాని మాట కారు దగ్గర ఆగింది. ఓనర్‌ను అడిగితే "రోడ్డు మీద పెట్టుకోండి సార్, అందరు అట్లనే పెడ్తరు" అన్నడు. కింద పార్కింగ్ ఉండాల్సిన జాగల రెండు మడిగెలు ఏసిండు, ఒకదాంట్ల మందుల షాపు, ఒకదాంట్ల జిరాక్స్.

రోడ్డు మీద చూస్తే ఎదురింటి ముందు ఎర్ర పెయింట్ డబ్బా ఉన్నది. దాంట్ల సిమెంట్ పోసి, నడుమ ఇనుప రాడ్ నిలబెట్టి, రాడ్‌కు గుడ్డ పేలిక కట్టిన్రు. పక్కింటోళ్లు పూలకుండీలు వరుస పెట్టిన్రు. ఆ తర్వాత ఇంటి ముందు పాత టైరు. గల్లీల రెండు దవాఖానలు, పొద్దున ఓపీ మొదలైతే ఆటోలు, బైకులు అంతటా నిండుతయి. నేను అడిగేది ఒక్కటే: సర్కారు రోడ్డు కదా, ఆ డబ్బా పక్కకు జరిపి కారు పెడితే తప్పేంది?

డబ్బా మాదే:
మీరు చూసింది మా గల్లీ కాకపోవచ్చు గాని, నేను గూడ అసొంటి డబ్బా పెట్టిన. ఎందుకు పెట్టిన్నో ఇనుండ్రి. మా నాయినకు డయాలసిస్. ఆయనను తీస్కపోయే దినం గేటు తీస్తే ఎదురుంగ తెల్వని కారు. అద్దం మీద ఫోన్ నంబరు లేదు, మనిషి లేడు. దవాఖానల పోయి ఒక్కో వార్డు ముందట "ఆ తెల్ల కారు ఎవరిది" అని అరుసుకుంట తిరిగిన. వాళ్ల పేషెంట్ లోపల ఐసీయూల ఉన్నడు, ఆ మనిషిని ఏమని తిట్టాలె? ఇంటికొచ్చి పెయింట్ డబ్బా వెతుకుడే. చట్టం ఏమంటదో నాకెందుకు, డబ్బా పెట్టినంక గేటు మాత్రం ఖాళీగుంటున్నది.

పాత వకీలు:
ఇద్దరూ కోపం తెచ్చుకోకుండా వినండి. రోడ్డు మీద డబ్బా పెట్టడం ముమ్మాటికీ తప్పే. భారతీయ న్యాయ సంహిత 285 ప్రకారం జనం తిరిగే దారికి అడ్డం కల్పిస్తే 5 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. పాత ఐపీసీ 283లో అది 200 రూపాయలే. అయితే ఆ సెక్షన్‌కు డబ్బా, కారు అనే తేడా లేదు. అడ్డం ఏదైనా అడ్డమే.

మూసీ ఒడ్డు గారూ, మీకు ఇంకో సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో 127వ సెక్షన్ చూడండి. బహిరంగ స్థలంలో బండిని 10 గంటలు, అంతకు మించి ఎవరూ లేకుండా వదిలేస్తే పోలీసు అధికారి దాన్ని తీయించవచ్చు. రాత్రి ఎనిమిదికి పెట్టి పొద్దున ఎనిమిదికి తీసేవాళ్లందరూ దాని కిందికే వస్తారు. గల్లీలోకి వచ్చి ఎవరూ తీయించరనుకోండి, అది వేరే. ఇంటి గేటుకు అడ్డంగా నిలపొద్దని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉండేది, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. కాబట్టి డబ్బా గేటుకు సూటిగా ఉంటే మీరు అక్కడ పెట్టలేరు. గేటు దాటి ప్రహరీ పొడుగునా ఉంటే ఆ జాగా మీద ఆయనకు మీకంటే ఎక్కువ హక్కేమీ లేదు.

డబ్బా మాదే:
ప్రహరీ పొడుగున గూడ ఒకటి పెట్టిన, నిజమే చెప్తున్న. నా కారు ఏడ పెట్టుకోవాలె మరి?

మూసీ ఒడ్డు:
అగో, గేటు సంగతి కాదన్నట్టు అది. మీ కారుకు జాగ కావాలె, మా కారుకు వద్దు.

టేపు పట్టినోడు:
నేను సైట్ల మీద తిరిగేటోన్ని, లెక్క చెప్త. 20 ఫీట్ల రోడ్డు అంటే 6.1 మీటర్లు. రెండు దిక్కుల ఇండ్ల ర్యాంపులు, మెట్లు మూడేసి ఫీట్లు రోడ్డు మీదికొచ్చినయనుకో, మిగిలేది 4.3 మీటర్లు కూడ నిండదు. స్విఫ్ట్ వెడల్పు అద్దాలు కలపకుండ 1.735 మీటర్లు. ఒక దిక్కు కారు నిలబెడితే రెండున్నర మీటర్ల దారి, చెత్త ఆటో పోతది, అంబులెన్స్ జర చూసుకోని పోతది. రెండో దిక్కు గూడ ఎదురుంగ కారు పెడితే మిగిలేది 80 సెంటీమీటర్లు. స్కూటీ పోతది, గంతే.

అందుకే ఎదురెదురుగ పెట్టొద్దని నిబంధన ఉన్నది. మీ గల్లీలల్ల ఒక్క దిక్కే పెట్టాలని ఒప్పుకుంటే సగం లొల్లి పోతది. ఇంకొకటి, మోరీ బండల మీదికి చక్రం ఎక్కించకుండ్రి. సైకిళ్లు, మనుషులు నడువనీకి ఏసిన బండలవి. పగిలి చక్రం మోరీల దిగితే జాకీ పెట్టేందుకు గూడ సందు దొరకదు. ర్యాంపుల సంగతి ఎవ్వరు మాట్లాడరు గాని, డబ్బాలకన్న ఎక్కువ రోడ్డు మింగింది అవే.

పాలమూరు పద్మ:
మహబూబ్‌నగర్ న్యూటౌన్‌ల మాది గూడ గిదే కథ, దవాఖానల నడుమ ఇల్లు. మేము మూల మీది ఖాళీ ప్లాటు ఆయనకు నెలనెల పైసలిచ్చి పెట్టుకుంటున్నం. లొల్లి లేదు, గీతలు పడవు, టైర్ల గాలి తీసేటోళ్లు లేరు. కాని రాత్రి డ్యూటీ దిగొచ్చినంక ఆడికెల్లి ఇంటికి నడిచేటప్పుడు లైట్లు లేవు, కుక్కలు ఎంబడి పడ్తయి. మగోళ్లు "ప్లాటు చూసుకోండి" అని అల్కగ చెప్తరు. వానాకాలం మన్ను ప్లాట్ల చక్రాలు దిగబడితే లోకం కనవడ్తది.

సూటిమాట:
జపాన్‌ల 1962 నుంచే చట్టమున్నది. బండి పెట్టనీకి జాగ చూపియ్యంది పెద్ద పట్నాలల్ల కారు రిజిస్ట్రేషన్ కాదు. ఈడ గూడ గదే పెట్టాలె. జాగ లేనోడు కారు ఎందుకు కొనాలె?

పాలమూరు పద్మ:
జపాన్‌ల రైలు ఉన్నది అన్నా. మాకు రాత్రి తొమ్మిది దాటితే షేర్ ఆటో దొరకదు.

టేపు పట్టినోడు:
సూటిమాట అన్న చెప్పింది తప్పేం కాదు, ఈడ గూడ సగం రూలు ఉన్నది. ఇల్లు కట్టేటప్పుడు ప్లాన్‌ల పార్కింగ్ చూపియ్యాల్సిందే, 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్‌ల రాసున్నది. చూపిస్తరు గూడ. పర్మిషన్ వచ్చి, స్లాబ్ పడి, ఆరు నెలలు తిరగకముందే ఆ జాగల షట్టర్లు దిగుతయి. మూసీ ఒడ్డు అన్నా, నీ కొట్లాట ఎదురింటి డబ్బాతోని కాదు. నీ కారు నిలవాల్సిన జాగల జిరాక్స్ మిషన్ నడుస్తున్నది. మీరిద్దరు రోడ్డు మీద కొట్లాడుకుంటున్రు, రెండు మడిగెల కిరాయి ఓనర్ జేబుల పడ్తున్నది.

మూడంతస్తులు:
నేను ఓనర్‌నే. గంత సులువుగ మాట్లాడకుండ్రి. నేను ఇల్లు కట్టినప్పుడు కిరాయికొచ్చినోళ్లకు ఒక్క బైకు ఉంటే ఎక్కువ. బ్యాంకు లోన్ కిస్తీ మడిగెల మీదనే ఎళ్తున్నది, పై పోర్షన్ల కిరాయి దానికి చాలదు. మడిగెలు తీసి పార్కింగ్ ఇస్తే ఆ పైసలు మీ కిరాయిల కలుపుత, ఇస్తరా? కారున్నోళ్లు టూలెట్ బోర్డు చూసుడుతోనే "పార్కింగ్ ఉందా" అని అడుగుతరు, రేటు చెప్తే "రోడ్డు మీదనే పెట్టుకుంటం తియ్యి" అని వాళ్లే అంటరు.

పాత వకీలు:
మూడంతస్తులు గారి బాధ నిజమే కావచ్చు, కానీ ప్లాన్‌లో పార్కింగ్ అని చూపిన చోట దుకాణం పెడితే అది అనుమతి తప్పడమే. లోన్ ఉందని మినహాయింపు రాదు. అపార్ట్‌మెంట్లలో దిగేవాళ్లకూ ఒక మాట. స్టిల్ట్ పార్కింగ్, అంటే బిల్డింగ్ కింద పిల్లర్ల నడుమ బండ్లు పెట్టే చోటు, అందరి ఉమ్మడి జాగా అని, బిల్డర్ దాన్ని విడిగా అమ్ముకోవడానికి లేదని 2010లో సుప్రీంకోర్టు ముంబయి కేసులో చెప్పింది. మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు అది, అయినా ఇక్కడి వాదనల్లోనూ దాన్ని వాడుతుంటారు.

మూసీ ఒడ్డు గారూ, అడ్వాన్స్ ఇచ్చే ముందే అగ్రిమెంట్‌లో "ఒక కారు, ఫలానా చోట" అని రాయించుకోండి. నోటిమాట పార్కింగ్ దసరాకు చుట్టాలు దిగేదాకే నడుస్తుంది.

డబ్బా మాదే:
వకీలు సాబ్ చెప్పినంక ప్రహరీ కాడి డబ్బా తీస్త అని మాత్రం అనుకోకుండ్రి. కాని ఒకటి చెప్త. కొత్తగ దిగినోళ్లు పాలు పొంగిచ్చిన నాడే వచ్చి తలుపు కొట్టి, "అన్నా, నేను పొద్దున ఎనిమిదింటికి పోయి రాత్రికొస్త, మీరు ఎప్పుడు తీస్తరు" అని అడిగితే నేనే జరుపుత. అద్దం మీద ఫోన్ నంబరు పెట్టాలె, ఆ ఫోన్ ఎత్తాలె. ముందు మా కిందింట్ల ఉన్న పిలగాడు గట్లనే ఉండె. వాని కారు తాళం మా ఇంట్ల గోడ మొలకు యాలాడేది, అవసరం పడితే నేనే ముందుకు తీసేటోన్ని. మాట్లాడకుండ డబ్బా జరిపి పెట్టినోన్ని మాత్రం పొద్దుగాల లేపుత, గ్యారంటీ.

సూటిమాట:
అంటే రోడ్డు మీద పెట్టనీకి నీ పర్మిషన్ తీస్కోవాల్నా?

డబ్బా మాదే:
పర్మిషన్ కాదు, పలకరింపు. నీకు రెండు ఒక్కటే అయితే నీ ఇష్టం.

మూసీ ఒడ్డు:
ఓనర్‌తోని మళ్ల మాట్లాడిన. కిరాయి ఎయ్యి తగ్గిస్తనన్నడు, పార్కింగ్ మాట మాత్రం కాయితం మీద రాయనన్నడు. జిరాక్స్ మడిగె ఎప్పుడు ఖాళీ అయితదంటే నవ్విండు. ఇంక అడ్వాన్స్ ఇయ్యలే. దేవరకొండ రోడ్డు దిక్కు ఇంకో ఇల్లు ఉన్నదంట, ఆఫీసుకు దూరం గాని గేటు లోపలికి కారు పోతదంటున్రు. రేపు చూడవోతున్న.

టేపు పట్టినోడు:
"పోతది" అంటె నమ్మకు. గేటు వెడల్పు కొలువు, ర్యాంపు ఎత్తు చూడు, లోపల కారు డోర్ తెరిచి దిగనీకి సందు ఉన్నదా చూడు. మా దోస్తు ఒకడు డిక్కీలకెల్లి దిగుతున్నడు.