యూనియన్ రిజిస్టర్ అయింది, ఇప్పుడు జిల్లా కమిటీకి అనుబంధం తీసుకోవాలా వద్దా?

పరవాడ ఆపరేటర్:

అందరికీ నమస్కారం. నేను అనకాపల్లి జిల్లాలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ని. మా దగ్గర పర్మినెంట్ వాళ్ళం 118 మంది, కాంట్రాక్టు వాళ్ళు రెండు వందల పైనే. వేతన ఒప్పందం గడువు అయిపోయి ఏడాదిన్నర అయింది, కొత్తది మాట్లాడమంటే రేపు మాపు అంటున్నారు. దాంతో మేమే కూర్చుని, తెలిసిన ఒకాయన సాయంతో బైలాస్ (సంఘం నియమాలు) రాసుకుని యూనియన్ రిజిస్టర్ చేయించుకున్నాం. 74 మంది సభ్యత్వం తీసుకున్నారు. సర్టిఫికెట్ వచ్చిన వారానికే మా కార్యదర్శికీ ఇంకో కుర్రాడికీ కంపెనీ చార్జిషీట్లు, అంటే తప్పు చేశారని ఆరోపించే నోటీసులు, ఇచ్చారు. షిఫ్టు మధ్యలో పని వదిలి వెళ్ళారని రాశారు, అది అబద్ధం.

ఇప్పుడు ఒక కేంద్ర కార్మిక సంఘం జిల్లా కమిటీ వాళ్ళు టీ కొట్టు దగ్గర కలిసి అనుబంధం తీసుకోండి, అంటే మీ యూనియన్ని మా సంఘంలో భాగం చేయండి, మేం చూసుకుంటాం అంటున్నారు. మాలో సగం మంది సరే అంటున్నారు, సగం మంది జెండా వద్దంటున్నారు. మా నాన్న జ్యూట్ మిల్లులో చేసిన మనిషి, ఆయనేమో బయటివాళ్ళు వస్తే మీ మాట మీ చేతిలో ఉండదురా అంటాడు. అసలు ఈ జిల్లా కమిటీ అనేది మా లాంటి చిన్న యూనియన్‌కి ఏం చేస్తుంది? సమ్మె చేయాలో వద్దో వాళ్ళు చెప్తారా? డబ్బులు ఎంత కట్టాలి? తెలిసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కార్యదర్శి ఇంట్లో వాళ్ళు చాలా టెన్షన్ పడుతున్నారు.

రిటైర్డ్ ఫిట్టర్:

తమ్ముడూ, ముందు ఆ చార్జిషీట్ల సంగతి. జవాబు గడువు లోపల రాతపూర్వకంగా ఇవ్వండి, రిసీవ్డ్ అని సంతకం తీసుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి, ఆ షిఫ్టులో పక్కన పనిచేసిన వాళ్ళ పేర్లు ఇప్పుడే రాసుకోండి. మూడు నెలల తర్వాత ఎంక్వైరీలో ఎవరికీ ఏమీ గుర్తుండదు.

ఇక నీ ప్రశ్న. నేను గాజువాక వైపు ఒక ఇంజనీరింగ్ కంపెనీలో 31 ఏళ్ళు చేశాను, అందులో పదహారేళ్ళు యూనియన్ బాధ్యతల్లో ఉన్నాను, జిల్లా కమిటీలో కూడా కూర్చున్నాను. జిల్లా కమిటీ అంటే పై నుంచి వచ్చిన ఆఫీసు అనుకుంటారు చాలామంది. అనుబంధ యూనియన్లన్నీ సభ్యత్వాన్ని బట్టి ప్రతినిధుల్ని పంపితే, వాళ్ళు జిల్లా మహాసభలో ఎన్నుకునేది అది. కూర్చునేది స్టీలు ప్లాంటు వాడు, పోర్టు హమాలీ, మున్సిపల్ పారిశుధ్య కార్మికురాలు, ఆటో యూనియన్ వాడు, ఆశా వర్కరు. వీళ్ళు కాక పూర్తి కాలం సంఘం పనే చేసే హోల్ టైమర్లు ఒకరిద్దరు ఉంటారు, కొద్దిపాటి అలవెన్సు మీద బతుకుతూ పొద్దున్న ఒక గేటు దగ్గర, మధ్యాహ్నం లేబర్ ఆఫీసులో, సాయంత్రం ఇంకో బస్తీలో తిరుగుతుంటారు. అనుబంధ రుసుము సభ్యుడికి ఏడాదికి ఇంత అని ఉంటుంది, అందులో కొంత రాష్ట్రానికి, కొంత అఖిల భారత కమిటీకి పోతుంది. అది పెద్ద మొత్తం కాదు, దాని గురించి భయపడకు.

ఏం చేస్తుందంటావా, మా కంపెనీ లాకౌట్ అయిన, అంటే యాజమాన్యమే గేటు మూసేసిన సంగతి చెప్తాను. మేం అరవై మందిమి. మొదటి వారం ఉత్సాహంగానే ఉన్నాం. రెండో వారం వచ్చేసరికి టెంటు కింద పదిహేను మందికి మించి లేరు, ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయి, వడ్డీకి తెచ్చుకోవడం మొదలైంది. అప్పుడు జిల్లా కమిటీ చేసింది ఒక్కటే, మీటింగు పెట్టి మా పరిస్థితి మిగతా యూనియన్లకి చెప్పింది. మర్నాడు హమాలీలు ఆటోలో పన్నెండు బస్తాల బియ్యం తెచ్చి టెంటు ముందు దించారు. వాళ్ళ కూలీ మా జీతంలో సగం కూడా ఉండదు ఆ రోజుల్లో. తర్వాత రోజుకో యూనియన్ వాళ్ళు వంతుగా వచ్చి మాతో కూర్చున్నారు. యాజమాన్యం మనిషి గేటు లోంచి చూస్తే అరవై మంది కాదు, రెండొందల మంది కనబడ్డారు. ఇరవై ఆరో రోజున చర్చలకి పిలిచారు. ఆ హమాలీలు ఎవరో అప్పటిదాకా మాకు తెలియదు, మా కోసం వాళ్ళకి ఫోను చేసే మనిషి జిల్లా కమిటీలో ఉండబట్టి వచ్చారు.

బయటివాళ్ళు అని మీ నాన్నగారు అన్నారు కదా, ఆ భయం ఉత్తదేం కాదు, కానీ ఒక మాట. వి.వి. గిరి గారు రైల్వేలో పనిచేసినవాడు కాదు, బ్యారిస్టరు. మన వాల్తేరు మీదుగా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టింది ఆయనే, 1926లో ఏఐటీయూసీ అనే అఖిల భారత కార్మిక సంఘానికి అధ్యక్షుడయ్యాడు, తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యాడు. లోపల ఉన్నవాణ్ణి సస్పెండ్ చేస్తారు, ట్రాన్స్‌ఫర్ చేస్తారు. బయటివాణ్ణి ఏం చేయగలరు? అందుకే చట్టంలోనే బయటివాళ్ళకి కొంత చోటు పెట్టారు. దానికి హద్దు కూడా ఉంది, మీ లాంటి ఫ్యాక్టరీ యూనియన్ ఆఫీస్ బేరర్లలో మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతవరకే. మిగతా అందరూ అక్కడ పనిచేసేవాళ్ళే అయి ఉండాలి.

స్పిన్నింగ్ మిల్లు, గుంటూరు జిల్లా:

పెద్దాయన చెప్పింది కాదనను. కానీ మా అనుభవం వేరు, అదీ చెప్పాలి కదా.

మేం అనుబంధం తీసుకున్నాక జిల్లా నాయకుడొకాయన్ని గౌరవాధ్యక్షుడిగా పెట్టుకున్నాం. మొదటి రెండేళ్ళు బాగానే వచ్చాడు. మూడో ఏడు వేతన ఒప్పందం చర్చలు జరుగుతుంటే రాత్రి పదకొండింటికి ఆయనా మా అధ్యక్షుడూ కలిసి సంతకం పెట్టేశారు. పొద్దున షిఫ్టుకి వెళ్తే గేటు దగ్గర నోటీసు బోర్డులో చూసుకున్నాం మా జీతం ఎంత పెరిగిందో. పని భారం పెంచే క్లాజు ఒకటి అందులో ఉంది, దాని గురించి ఒక్కడికీ తెలియదు. అడిగితే ఇంతకంటే రాదమ్మా, నేను చాలా చూశాను అన్నాడు. నిజంగానే ఇంకా రాకపోవచ్చు, కానీ ఆ మాట సంతకానికి ముందు మా అందరి ముందూ చెప్పాలి. ఆ ఒప్పందం మూడేళ్ళు మా మెడకి చుట్టుకుంది. ఆడవాళ్ళు ఎక్కువ ఉండే సెక్షన్‌లో వందల మంది సభ్యత్వం వదిలేశారు, ఇప్పటికీ తిరిగి రాలేదు.

కాబట్టి ఆపరేటర్ గారూ, అనుబంధం తీసుకున్నా తీసుకోకపోయినా మూడు విషయాలు తీర్మానం రూపంలో మినిట్స్ బుక్కులో రాయించండి. జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) ఆమోదం లేకుండా ఏ ఒప్పందం మీదా సంతకం లేదు. చర్చలకి బయటి నాయకుడు ఒక్కడే వెళ్ళడం లేదు, మీ వాళ్ళు కనీసం ముగ్గురు వెంట ఉండాలి. పోరాట నిధి మీ యూనియన్ ఖాతాలోనే, మీవాళ్ళ జాయింట్ సంతకాలతోనే ఉండాలి. దీనికి ఒప్పుకోని జిల్లా కమిటీ అయితే మీకు వద్దు.

అంగన్‌వాడీ టీచర్:

నేను ప్రకాశం జిల్లాలో పనిచేస్తున్నాను. మా 2023 డిసెంబర్ 12 సమ్మె అందరికీ గుర్తుండే ఉంటుంది, 42 రోజులు. టీచర్‌కి 11,500, ఆయాకి 7,000 ఇస్తున్న రోజులవి. మాలో ఏఐటీయూసీ వాళ్ళున్నారు, సీఐటీయూ వాళ్ళున్నారు, ఐఎఫ్‌టీయూ వాళ్ళున్నారు. మూడూ కలిసి ఒక్క పిలుపు ఇచ్చాయి కాబట్టే ఆ సమ్మె నిలబడింది, విడివిడిగా ఇచ్చి ఉంటే మొదటి వారంలోనే ఒకరిని చూపించి ఇంకొకరిని బెదిరించేవాళ్ళు.

మాది ఒక ఫ్యాక్టరీ కాదు కదా అన్నా, ఊరికొక సెంటరు, సెంటర్‌కి ఇద్దరం. ఒంటరి పని. సెంటర్ల తాళాలు పగలగొట్టి గ్రామ సచివాలయం వాళ్ళతో నడిపిస్తున్నారని ఒక ఊరి నుంచి ఫోను వస్తే, ఆ మాట అరగంటలో జిల్లా అంతా తెలిసేది, ఎందుకంటే సెక్టారు నుంచి ప్రాజెక్టుకి, ప్రాజెక్టు నుంచి జిల్లాకి ఎవరు ఎవరికి చెప్పాలో ముందే రాసుకున్నాం. జనవరి 6న ఎస్మా, అంటే సమ్మెని నిషేధించే చట్టం, పెట్టారు. ఆ రోజు రాత్రి మా ఊళ్ళో నాతో సహా ఎవరూ నిద్రపోలేదు. మా ఆయన ఉద్యోగం పోతుందేమో వెళ్ళి జాయినైపో అన్నాడు. పొద్దున్నే జిల్లా నాయకులు శిబిరానికి వచ్చి ఎస్మా అంటే ఏంటి, నోటీసు వస్తే ఏం జవాబు రాయాలి, నమూనా ఇదీ అని కాగితం చేతిలో పెట్టారు. ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ కాగితం మాత్రం వాళ్ళే తెచ్చారు. జనవరి 22 రాత్రి చర్చల తర్వాత విరమించాం.

అన్నీ వచ్చాయా అంటే రాలేదు, ఇంకా అడుగుతూనే ఉన్నాం. కానీ లక్ష మంది ఆడవాళ్ళు ఒకే రోజు తాళం వేసి, ఒకే రోజు తీశారు. ఆ పని మా మండలం యూనియన్ ఒక్కదానితో అయ్యేది కాదు. ఒకటి మాత్రం జిల్లా కమిటీ మాకు చేయలేదు, ఎవరికీ చేసిపెట్టదు కూడా. ప్రతి ఇంటికీ వెళ్ళి రేపు రా అక్కా అని పిలిచింది మేమే.

లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగేవాణ్ణి:

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు, ఎందుకంటే ఇప్పుడు పరిస్థితి మారింది. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చారు. కార్మిక సంఘాలు చాలావరకు వ్యతిరేకిస్తున్నాయి, నేనూ వ్యతిరేకమే, కానీ తెలియకుండా అడుగు వేస్తే నష్టపోయేది మీరే.

వాటిలో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకటికి మించి సంఘాలున్న చోట మస్టర్ రోల్లో (కార్మికుల హాజరు పట్టీలో) 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో ఏకైక చర్చల సంఘం. మీ 118లో 51 శాతం అంటే 61 మంది. మీకు 74 ఉన్నారు, అంటే పదమూడు మందే ఎక్కువ. రేపు యాజమాన్యం తన మనుషులతో ఇంకో సంఘం పెట్టించి, భయపెట్టి పద్నాలుగు మందిని లాగితే ఆ హోదా పోతుంది, చర్చల కౌన్సిల్ అని 20 శాతం ఉన్న సంఘాలన్నిటినీ కలిపి కూర్చోబెడతారు. కాబట్టి ఇప్పుడే మిగతా 44 మంది దగ్గరికీ వెళ్ళండి.

సమ్మెకి కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంతకుముందు ఈ షరతు కరెంటు, నీళ్ళు, రవాణా లాంటి ప్రజా సర్వీసులకే ఉండేది, ఇప్పుడు అన్ని పరిశ్రమలకీ పెట్టారు. కన్సిలియేషన్ (లేబర్ అధికారి ముందు జరిగే రాజీ చర్చలు) నడుస్తున్నన్నాళ్ళూ, అది ముగిశాక ఇంకో ఏడు రోజులూ సమ్మె చేయకూడదు. సగం మంది ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. కోపం వచ్చి ఒక పూట మిషన్లు ఆపితే అక్రమ సమ్మె అని మీ మీదే కేసు. ఈ తేదీలు లెక్కపెట్టి చెప్పే మనిషి మీకు కావాలి.

ఎక్కువమందికి తెలియని ఇంకో విషయం. కన్సిలియేషన్‌లో వకీళ్ళకి ప్రవేశం లేదు. పారిశ్రామిక వివాదాలు విచారించే ట్రిబ్యునల్లో కూడా అవతలి పక్షం ఒప్పుకుని, ట్రిబ్యునల్ అనుమతిస్తేనే వకీలు. కానీ మీ యూనియన్ ఏ ఫెడరేషన్‌కి (యూనియన్ల సమాఖ్యకి) అనుబంధమో ఆ ఫెడరేషన్ ఆఫీస్ బేరరు మీ తరఫున వాదించవచ్చు, దానికి ఎవరి దయా అక్కర్లేదు. యాజమాన్యం వైపు ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న హెచ్‌ఆర్ మేనేజరు కూర్చుంటాడు, మీ వైపు నిన్నటిదాకా వాల్వు తిప్పిన కుర్రాడు. అనుబంధం వల్ల ఆ కుర్రాడి పక్కన కూర్చోవడానికి వంద కేసులు చూసిన మనిషి దొరుకుతాడు. నా దృష్టిలో అనుబంధం తీసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

పరవాడ ఆపరేటర్:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దండాలు. ఇవన్నీ ప్రింటు తీసి నిన్న రాత్రి షిఫ్టు అయ్యాక పదకొండు మందిమి చదువుకున్నాం. మా నాన్నకి కూడా చదివి వినిపించాను. గుంటూరు వాళ్ళ మాట దగ్గర ఆపమని, అది రెండోసారి చదివించుకున్నాడు. ఆ మూడు షరతులు ముందు జనరల్ బాడీలో పాస్ చేసి, తర్వాతే జిల్లా కమిటీ వాళ్ళని పిలిచి అందరి ముందూ అడుగుదామని అనుకున్నాం. చార్జిషీటుకి జవాబు ఇచ్చేశాం, రసీదు తీసుకున్నాం.

ఇంకొక్క ప్రశ్న. కాంట్రాక్టు వాళ్ళని ఏం చేయాలి? మాలో కొందరు వాళ్ళని కలిపితే మా ఒప్పందం ఆలస్యమవుతుందని అంటున్నారు. కానీ మా రియాక్టర్ దగ్గర డ్రమ్ములు ఎత్తేది వాళ్ళే. నాకు వాళ్ళని వదిలేసి మాట్లాడ్డం మనసొప్పడం లేదు.

రిటైర్డ్ ఫిట్టర్:

వదలొద్దు. మీరు 74 మంది బయట కూర్చుంటే లోపల ఫ్యాక్టరీ నడిచేది ఆ రెండు వందల మందితోనే, వాళ్ళు మీ వాళ్ళు కాకపోతే మీ సమ్మె మూడు రోజులు. ఇక్కడే జిల్లా కమిటీని బాగా వాడుకోవచ్చు. చాలా జిల్లాల్లో కాంట్రాక్టు కార్మికులకి విడిగా యూనియన్ ఉంటుంది, కాంట్రాక్టరు మారినా సభ్యత్వం పోదు. వాళ్ళని అందులో చేర్పించి, డిమాండ్ల పత్రం మాత్రం రెండు యూనియన్లూ ఒకే రోజు ఇవ్వండి. పీఎఫ్, ఈఎస్ఐ, కనీస వేతనం, సేఫ్టీ బూట్లు, గ్లౌజులు, ఇవి వాళ్ళ పత్రంలో మొదట ఉండాలి. అవి అడగడానికి ఏ ఒప్పందం గడువూ చూడక్కర్లేదు, చట్టంలో ఉన్నవే.

విశాఖ స్టీలు ప్లాంటు అమ్మకానికి వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెంలో దీక్షలు మొదలుపెట్టినప్పుడు రకరకాల జెండాల యూనియన్లు ఒకే కమిటీ కింద కూర్చున్నాయి, ఆ శిబిరం వెయ్యి రోజులు దాటింది. నేను రిటైరయ్యాక కూడా వెళ్ళి కూర్చున్నాను. పర్మినెంట్ వాళ్ళు, కాంట్రాక్టు వాళ్ళు, భూములిచ్చిన నిర్వాసితులు, అందరూ వచ్చారు అక్కడికి. మీ ఫ్యాక్టరీ చిన్నదే కావచ్చు, ఆ పద్ధతి మీకూ పనికొస్తుంది.

జనరల్ బాడీ ఎప్పుడో చెప్పు. నేను అగనంపూడిలోనే ఉంటాను, మా పాత మినిట్స్ బుక్కులు రెండు తెస్తాను, తీర్మానాలు ఎలా రాయాలో కాంట్రాక్టు కుర్రాళ్ళని కూడా కూర్చోబెట్టి చూపిస్తాను. కార్యదర్శిని భార్యతో కలిసి రమ్మను, ఆమెతో మాట్లాడాలి.