యూరప్ నుంచి వచ్చాం కానీ ఇల్లు గాడిలో పడట్లేదు

పోయిన వారం పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ చూసుకుని మారతహళ్ళి చేరాం. రాత్రి రెండైనా కళ్ళు మూతపడవు, పొద్దున కింద స్కూల్ వ్యాన్ హారన్ కొడుతుంటే పాప దుప్పటి వదలదు. పైగా తాళం తీసిన దగ్గర్నుంచి బాత్‌రూమ్‌లో ఒకటే కంపు. మిగిలిన యూరోల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

వైట్‌ఫీల్డ్ వాసి: ఎండాకాలం టైమ్ ప్రకారం మనకు రాత్రి రెండంటే పారిస్‌లో పదిన్నరే కదండీ, నిద్ర ఎలా వస్తుంది? తూర్పుకి వచ్చినప్పుడు ఒంటి గడియారాన్ని ముందుకు లాగాలి, అదే కష్టం. సుమారుగా రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది. పాపని పొద్దున్నే బాల్కనీ వెలుతురులో కూర్చోబెట్టి పాలు తాగించండి. మధ్యాహ్నం పడుకోనివ్వకండి, ఎంత ఏడ్చినా సరే.

కడపమ్మాయి: కంపుకి ప్లంబర్ వద్దక్కా! వాడకం లేక, నేల మీద నీళ్ళు పోయే జాలీ కింద పైపు వంపులో నిలిచే నీళ్ళు ఎండిపోయుంటాయి, అందుకే పైపు గాలీ బొద్దింకలూ నేరుగా పైకొస్తాయి. రెండు మగ్గులు పోయండి చాలు. ఈసారి ఊరెళ్ళే ముందు నీళ్ళ మీద కాస్త వంటనూనె వేస్తే త్వరగా ఎండవు. వాషింగ్ మెషీన్ దగ్గరున్న జాలీ అందరూ మర్చిపోతారు, అదీ చూడండి.

రామ్_బెంగళూరు: యూరో నోట్లు 2,000 డాలర్ల విలువ వరకు దగ్గరే ఉంచుకోవచ్చు, రిజర్వ్ బ్యాంక్ రూలే అది. అంతకు మించినవి తిరిగొచ్చాక 180 రోజుల్లోపు మార్చేయాలి. నాణేలకు లిమిట్ లేదు, కాకపోతే మార్చేవాళ్ళు మామూలుగా వాటిని తీసుకోరు.

అడిగినవారు: అక్కడే, మెషీన్ వెనకే! థాంక్స్ చెల్లీ.