నాస్‌కి ఇన్వర్టర్ చాలా, యూపీఎస్ వేరే కొనాలా? పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు వాళ్లు చెప్పండి

కిమిడి_స్టూడియో
అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో పెళ్లిళ్ల ఫోటోలు, వీడియోలు తీసే స్టూడియో మాది. పాత ప్రాజెక్టులన్నీ రెండు డిస్కుల సైనాలజీ నాస్‌లో (నెట్‌వర్క్‌కి కలిపి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె), రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ అదే కాపీ) పెట్టి ఉంచాను. గాలివాన వస్తే మా వీధిలో కరెంటు పోవడం, రెండు నిమిషాల్లో రావడం, మళ్లీ పోవడం మామూలే. ఈమధ్య అలా పోయి వచ్చాక నాస్ రాత్రంతా డిస్కులు చెక్ చేసుకుంటూనే ఉంది. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఒకరి పెళ్లి మళ్లీ తీసి ఇవ్వలేం కదా. ఇంట్లో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంది. దానికే కలిపేస్తే సరిపోతుందా?

రాయగడ_మాస్టారు
బాబూ, ఇన్వర్టర్ మంచిదే కానీ దానికి నోరు లేదు. కరెంటు పోయిందని, బ్యాటరీ అయిపోతోందని నాస్‌కి చెప్పలేదు. రాత్రి రెండింటికి బ్యాటరీ దిగిపోయిందనుకోండి, అప్పుడు నాస్ ఉన్నపళంగా ఆగిపోవాల్సిందే. ఇన్వర్టర్ లేని ఇంట్లో జరిగేదే నాలుగు గంటలు ఆలస్యంగా జరిగినట్టు. యూపీఎస్ కొనేది నాస్‌ని నడిపించడానికి కాదు, పద్ధతిగా ఆపడానికి. రాసేది రాసేసి, ఫైళ్లన్నీ మూసి, ఆ తర్వాతే ఆగాలి. రెయిడ్ ఒక డిస్కు పోతే కాపాడుతుంది, సగం రాసిన ఫైలును కాపాడదు.

బరంపురం_ల్యాబ్
మాస్టారు గారి మాటే నాదీ. మా ల్యాబ్‌లో స్కానింగ్ రిపోర్టులన్నీ నాస్‌లోనే ఉంటాయి. కరెంటు పోయిందన్న కబురు యూపీఎస్ నుంచి నాస్‌కి చేరేది యూఎస్‌బీ కేబుల్ మీదే. అందుకే కొనేటప్పుడు వీఏ (ఎంత లోడు మోయగలదో చెప్పే అంకె) ఎంత అని అడిగే ముందు యూపీఎస్‌ని తిప్పి వెనక చూడండి. చదరంగా ఉండే యూఎస్‌బీ పోర్టు (ప్రింటర్‌కి ఉంటుందే, అలాంటిది) ఉందా? చవక మోడళ్లలో చాలావాటికి అది ఉండదు. కొన్నింటికి ముందువైపు యూఎస్‌బీ కనిపిస్తుంది, అది ఫోన్ ఛార్జింగ్‌కి మాత్రమే. పోర్టు ఉన్నా మీ నాస్ కంపెనీ వెబ్‌సైట్‌లో యూపీఎస్‌ల జాబితా ఉంటుంది, మోడల్ అందులో ఉందో లేదో చూసుకుని కొనండి.

కేబుల్ పెట్టాక నాస్ కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్‌కి వెళ్లండి. అక్కడ యూపీఎస్ అనే ట్యాబ్ ఉంటుంది. సపోర్ట్ ఆన్ చేసి, కరెంటు పోయిన ఎంతసేపటికి సేఫ్ మోడ్‌లోకి (రాయడం ఆపి, డిస్కుల్ని పద్ధతిగా ఆపే స్థితి) వెళ్లాలో టైమ్ ఇవ్వండి. బ్యాటరీ అడుగంటే దాకా ఆగమని పెట్టకండి. పాతబడిన బ్యాటరీ ఇంకా సగం ఉందని చూపిస్తూనే దిగిపోతుంది. నేను అయిదు నిమిషాలు పెట్టాను.

కిమిడి_స్టూడియో
600 వీఏ చాలా అండి? రౌటర్ కూడా దానికే పెట్టొచ్చా?

గుణుపూర్_నెట్
చాలు అన్నా. రెండు డిస్కుల నాస్ పనిలో ఉన్నప్పుడు 20 వాట్ల చుట్టూ తింటుంది, రౌటర్ ఇంకో పది. ఆ సైజు యూపీఎస్‌లో మామూలుగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. లెక్క ప్రకారం 84 వాట్ అవర్లు, చేతికి అందులో సగం వచ్చినా మీ పనికి ఎక్కువే. ఎడిటింగ్ కంప్యూటర్ మాత్రం దానికి పెట్టకండి.

రౌటర్లకి అమ్మే చిన్న 12 వోల్టుల డీసీ యూపీఎస్‌తో నాస్ నడపొచ్చని ఎవరైనా అంటే వినకండి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక్కొక్కటి 2 ఆంపియర్ల దాకా లాగుతుంది.

రెండో నాసో, లినక్స్ మెషీనో ఉంటే అదే యూపీఎస్ కబురు వాటికీ అందించొచ్చు. నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్. కేబుల్ ఉన్న మెషీన్ సర్వర్ అవుతుంది, మిగతావి నెట్‌వర్క్‌లో 3493 నంబరు పోర్టు మీద దాన్ని అడుగుతుంటాయి. సైనాలజీలో నెట్‌వర్క్ యూపీఎస్ సర్వర్ అని టిక్ పెట్టి, అవతలి మెషీన్ల ఐపీలు (నెట్‌వర్క్ అడ్రసులు) రాయాలి. మధ్యలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. స్విచ్ ఆగిపోతే కబురు ఎలా వెళ్తుంది?

కిమిడి_స్టూడియో
మరి ఇన్వర్టర్ లైను మీద యూపీఎస్ పెడితే? రెండూ కలిసొస్తాయి కదా.

రాయగడ_మాస్టారు
ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాగే నునుపైన అల ఇచ్చేది) అయితే పెట్టొచ్చు. గతుకుల అల ఇచ్చే స్క్వేర్ వేవ్‌ది అయితే చాలా యూపీఎస్‌లు ఆ కరెంటును కరెంటుగా ఒప్పుకోవు. టిక్కు టిక్కుమని రిలే కొట్టుకుంటూ బ్యాటరీ మీదికి వెళ్లిపోతాయి. ఇన్వర్టర్ నిండుగా ఉన్నా యూపీఎస్ ఖాళీ అయిపోతుంది.

గుణుపూర్_నెట్
కొన్ని యూపీఎస్‌లలో సెన్సిటివిటీ (కరెంటులో తేడాని ఎంతగా పట్టించుకోవాలో) తగ్గించే సెట్టింగ్ ఉంటుంది మాస్టారూ, దాంతో కొంత సర్దుకుంటుంది. జనరేటర్ మీద నడిపేవాళ్లకీ అదే మందు.

రాయగడ_మాస్టారు
నిజమే. ఇంకో మాట, యూపీఎస్‌ని రేకుల షెడ్డులోనో, బీరువా వెనకో పెట్టకండి. ఆ సీల్డ్ బ్యాటరీలు 25 డిగ్రీల లెక్కన చేసినవి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుంది. మన వేసవిలో రెండేళ్లు దాటితే అనుమానించాల్సిందే.

తుఫాను సంగతి వేరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఎంత దెబ్బ తీసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. స్తంభాలే పడిపోయినప్పుడు ఏ యూపీఎస్ ఏం చేస్తుంది? హెచ్చరిక రాగానే నాస్‌ని మీరే ఆపేయండి. ప్లగ్గుతో పాటు లాన్ కేబుల్ కూడా పీకేయండి, పిడుగు అటునుంచీ వస్తుంది. ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. మా అమ్మాయి విశాఖలో ఉంటుంది, నా కాపీ డిస్కు వాళ్లింట్లోనే.

కిమిడి_స్టూడియో
యూఎస్‌బీ ఉన్న యూపీఎస్ శ్రీకాకుళం నుంచి తెప్పించి పెట్టాను. ముందు బ్యాకప్ తీసి, నాస్ ఖాళీగా ఉన్నప్పుడు యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకాను. రెండు బీప్‌లు వచ్చాయి, ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చింది. అయిదు నిమిషాలు కాగానే డిస్కుల చప్పుడు ఆగింది. మళ్లీ ఆన్ చేసి లాగ్ చూస్తే సేఫ్ మోడ్ అని పడింది, ఈసారి ఏ చెకింగూ లేదు. అందరికీ చాలా థాంక్స్. కరెంటు వచ్చాక తనంతట తాను లేచే ఆప్షన్ ఆన్‌లో ఉంచాలా?

బరంపురం_ల్యాబ్
మామూలు రోజుల్లో ఉంచండి. గాలివాన రోజు తీసేయండి. వచ్చీపోయే కరెంటుకి లేచిన ప్రతిసారీ బ్యాటరీ నిండకుండానే ఇంకో దెబ్బ తగులుతుంది. కరెంటు ఒక గంట నిలిచాక చేత్తో ఆన్ చేసుకోండి.