రోమ్‌లోనే మకాం పెట్టి ఇటలీ అంతా రైల్లో చూడటం కుదురుతుందా?

కృష్ణలంక_కుర్రోడు:
అందరికీ నమస్కారం. సెప్టెంబర్ చివర్లో అమ్మ, నాన్న, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాపతో ఇటలీ వెళ్దామనుకుంటున్నాం, చేతిలో పదకొండు రాత్రులున్నాయి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, రోజుకో హోటల్ మారుతూ సూట్‌కేసులు ఈడ్చుకుంటూ తిరగడం మా వల్ల కాదు. అందుకే రోమ్‌లో ఒక ఫ్లాట్ తీసుకుని, పొద్దున్నే రైలెక్కి వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, మిలాన్, పాంపే ఒక్కోటీ చూసుకుని రాత్రికి వచ్చి పడుకోవాలని ప్లాన్. ఫ్లైట్ ఇంకా బుక్ చేయలేదు, వీసాకి అప్లై చేయాలి. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. రైల్ పాస్ కొనమని ఒకరు, దండగని ఇంకొకరు చెబుతున్నారు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

బొలోన్యా_బాబాయ్:
ఒకే ఇల్లు అన్నది మంచి ఆలోచనే అన్నా, కానీ దానికి రోమ్ పనికిరాదు. రోమ్ నుంచి వెనిస్‌కి ఫాస్ట్ ట్రైన్‌లోనే దాదాపు నాలుగు గంటలు, అంటే రానూపోనూ ఎనిమిది గంటలు రైల్లోనే, ఇక మీరు చూసేది ఏముంటుంది? మిలాన్ కూడా మూడు గంటల పైనే.

నేను ఇక్కడ బొలోన్యాలోనే చదువుకుంటున్నా కాబట్టి మా ఊరిని మోస్తున్నా అనుకోకండి, మ్యాప్ తీసి చూడండి. మిలాన్, వెనిస్, ఫ్లోరెన్స్ వైపు లైన్లన్నీ బొలోన్యాలో కలుస్తాయి. ఫ్లోరెన్స్ నలభై నిమిషాల లోపే, మిలాన్ గంట పైచిలుకు, వెనిస్ గంటన్నర (చిన్న ఊళ్లలోనూ ఆగే రీజనల్ బండి అయితే రెండు గంటలు). వెరోనా, పార్మా, మోదెనా, ఫెర్రారా అన్నీ రీజనల్ రైల్లో అరగంట నుంచి గంటన్నర లోపు వచ్చేస్తాయి. ఎవరూ పట్టించుకోని రవెన్నా గంటా పావు దూరం, అక్కడి చర్చిల్లో ఐదు, ఆరు శతాబ్దాల మొజాయిక్‌లు, అంటే రంగు ముక్కలు అతికి చేసిన బొమ్మలు, ఉంటాయి, నన్నడిగితే పీసాలో వాలిన టవర్ కింద ఫొటో దిగడం కన్నా అది వంద రెట్లు నయం, పైగా ఊరు చదునుగా ఉంటుంది కాబట్టి నాన్నగారికి ఇబ్బంది ఉండదు.

పాంపే, అదే అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత ఊరు, రోమ్‌కి ఇంకా దక్షిణాన ఉంటుంది, అది మాత్రం ఇక్కడి నుంచి పెట్టుకోకండి. సగం రోజులు బొలోన్యా, మిగతావి రోమ్ చేయండి, రెండింటి మధ్య ఫాస్ట్ ట్రైన్‌లో రెండు గంటల పైచిలుకు. సూట్‌కేసులు మోసేది ఆ ఒక్కరోజే. ఎమిరేట్స్ హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా బొలోన్యాకే వస్తుంది, కాబట్టి బొలోన్యాలో దిగి రోమ్ నుంచి తిరుగు ప్రయాణం ఉండేలా మల్టీ సిటీ టికెట్ చూడండి, మళ్లీ వెనక్కి రానక్కర్లేదు.

ఇంగువ_డబ్బా:
మేము అత్తగారు, మామగారితో ఇలాగే రెండు ఇళ్లు తీసుకుని తిరిగాం, కాబట్టి ఆ మాటకే నా ఓటు. ఫ్లాట్ తీసుకునేటప్పుడు లిఫ్ట్ ఉందా అని ఓనర్‌ని రాసి అడగండి, పాత బిల్డింగుల్లో చాలావాటికి ఉండదు. ఇంకోటి, అక్కడ మొదటి అంతస్తు అంటే గ్రౌండ్ ఫ్లోర్ పైది, మన హైదరాబాద్ లెక్కే. వాషింగ్ మెషిన్, స్టవ్ ఉండేలా చూసుకోండి. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే ఆ రోజుకి అమ్మగారి టెన్షన్ ఉండదు.

తిండి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి చెబుతున్నా. బొలోన్యాలో తాజాగా చేసే తాల్యతెల్లే, తొర్తెల్లోని లాంటి పాస్తాల పిండిని గుడ్డుతోనే కలుపుతారు. స్పఘెట్టి, పెన్నే లాంటి ఎండు పాస్తా మామూలుగా ఉత్త గోధుమ రవ్వతో చేసేదే, టమాటా సాస్‌తో అడిగితే చాలు. పియదీనా రొట్టె చూడ్డానికి మన పుల్కాలా ఉంటుంది కానీ సంప్రదాయంగా పంది కొవ్వుతో చేస్తారు, ఆలివ్ నూనెతో చేసిందో కాదో అడిగాకే కొనండి. పర్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వేస్తారు, అమ్మగారికి అంత పట్టింపు ఉంటే చీజ్ వద్దని ముందే చెప్పేయండి.

వెనిస్‌లో ఒక రాత్రి ఉండాల్సిందే అంటారు అందరూ. పెద్దవాళ్లతో వద్దు. ప్రతి కాలవ మీదా మెట్ల వంతెనే, సామానుతో నరకం. పొద్దున వెళ్లి రాత్రి ఎనిమిది దాకా ఉండి రండి, సాయంత్రానికి గుంపులు తగ్గుతాయి. ముందొచ్చే మెస్త్రే స్టేషన్‌లో దిగిపోకండి, ఆఖరి స్టేషన్ శాంటా లూచియా దాకా కూర్చోండి, బయటికి రాగానే ఎదురుగా నీళ్లే. అక్కడి నుంచి ఒకటో నంబర్ వాపొరెట్తో, అంటే వాళ్ల సిటీ బస్సు లాంటి పడవ, ఎక్కితే గ్రాండ్ కెనాల్ మొత్తం కూర్చునే చూడొచ్చు. 2024 నుంచి కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ల దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకుంటున్నారు, అవి ఎక్కువగా వసంతం, వేసవి తేదీలు. అయినా మీ తేదీ ఒకసారి చూసుకోండి.

పాసింజర్_బండి_తాతయ్య:
బాబూ, నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ని, మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి బళ్లు బాగానే ఎక్కాను. పాస్ వద్దు. పాస్ ఉన్నా ఫాస్ట్ ట్రైన్‌కి సీటు రిజర్వేషన్ డబ్బులు విడిగా కట్టాలి, చిన్న ఊళ్ల బళ్లకి మామూలు టికెట్టే చవక.

అక్కడ రెండు రకాల బళ్లు గుర్తుపెట్టుకుంటే చాలు. ఫ్రెచ్చారోస్సా, ఈతాలో అనేవి ఫాస్ట్, ముందు కొంటే చవక, తర్వాత పెరుగుతూ పోతుంది, సీటు నంబర్ ఇస్తారు, ఆ బండే ఎక్కాలి. రీజనలే అనేది మన పాసింజర్ బండి లాంటిది, రేటు ఎప్పుడూ ఒకటే, సీటు నంబర్ ఉండదు. దీని కాగితం టికెట్టుని ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర కొట్టించాలి. అది మర్చిపోతే జరిమానా వేస్తారు, టూరిస్టువని వదలరు.

బోర్డు చూసేటప్పుడు మీ ఊరి పేరు వెతక్కండి. బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్ వెళ్లే బండి మీద నాపోలీ (నేపుల్స్) అనో సలెర్నో అనో ఉంటుంది, ఎందుకంటే ఆఖరి స్టేషనే రాస్తారు. బండి నంబర్‌తో చూసుకోండి. బినారియో అంటే ప్లాట్‌ఫాం, రితార్దో అంటే లేటు. బొలోన్యాలో ఫాస్ట్ బళ్లు 16 నుంచి 19 ప్లాట్‌ఫాంలకి వస్తాయి, అవి భూమిలోపల చాలా కిందికి ఉంటాయి, ఎస్కలేటర్లు, లిఫ్టులు ఉన్నా మోకాళ్ల నొప్పులవాళ్లతో ఇరవై నిమిషాలు ముందే వెళ్లాలి.

సమ్మెలు తరచుగా ఉంటాయి, షోపెరో అంటారు, తేదీలు ముందే ప్రకటిస్తారు. మామూలు పనిరోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రీజనల్ బళ్లు తప్పక నడపాలి, కాబట్టి ఆ రోజు దగ్గర ఊరే పెట్టుకోండి.

బొలోన్యా స్టేషన్ బయట గోడకున్న గడియారం 10:25 దగ్గర ఆగి ఉంటే చెడిపోయిందనుకోవద్దు. 1980 ఆగస్టు 2న అక్కడ బాంబు పేలి 85 మంది పోయారు, అది ఆ సమయం.

కృష్ణలంక_కుర్రోడు:
తాతయ్యగారూ, అందరికీ చాలా థాంక్స్. ఆరు రాత్రులు బొలోన్యా, ఐదు రోమ్ అనుకుంటున్నాం, మిలాన్, పీసా కొట్టేశాం, రవెన్నా చేర్చాం. ఒక్క డౌట్: వీసా రాకముందే ఫాస్ట్ ట్రైన్ టికెట్లు కొనాలా? ఇప్పుడు సూపర్ ఎకానమీ అనే రకం టికెట్ చాలా తక్కువకి కనిపిస్తోంది.

బొలోన్యా_బాబాయ్:
వద్దన్నా. సూపర్ ఎకానమీకి డబ్బులు వెనక్కి రావు, ఐదుగురి టికెట్లు పోతే మిగిలిన లాభం కన్నా నష్టమే ఎక్కువ. వీసాకి ఎక్కడ ఉంటారో చూపించాలి కాబట్టి క్యాన్సిల్ చేసుకునే వీలున్న ఫ్లాట్లు బుక్ చేయండి, రెండే చోట్లు కాబట్టి కాగితాలూ తక్కువే. వీసా చేతికొచ్చిన రోజు ఫ్లోరెన్స్, రోమ్ టికెట్లు కొనేయండి. వెనిస్‌కి వెళ్లేటప్పుడు మాత్రం ఫాస్ట్, వచ్చేటప్పుడు రీజనల్ తీసుకోండి, అప్పుడు ఎంతసేపు ఉండాలనిపిస్తే అంతసేపు ఉండొచ్చు, ఆఖరి బండి టైం మాత్రం చూసుకోండి. ఫ్లోరెన్స్ సోమవారం పెట్టుకోకండి, ఉఫీత్సీ మ్యూజియం ఆ రోజు సెలవు.

ఇంగువ_డబ్బా:
వాటికన్ మ్యూజియం నెలాఖరు ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటుంది, రోమ్ రోజులు వేసుకునేటప్పుడు అదీ చూసుకోండి. పాంపేకి నాపోలీ దాకా ఫాస్ట్ ట్రైన్, అక్కడి నుంచి చిర్కుంవెసువియానా లోకల్. ఆ లోకల్‌లో జేబులు జాగ్రత్త. పాపకి టోపీ, నీళ్ల బాటిల్ మర్చిపోకండి, లోపల నీడ చాలా తక్కువ.