అప్‌డేట్: అమ్మానాన్నలతో రోమ్ వెళ్లివచ్చాం

వేసవిలో, శాకాహారులైన అమ్మానాన్నలతో రోమ్ ఎలా చూడాలని అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

విమానాశ్రయం నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైల్లో అరగంటలో తెర్మినీ స్టేషన్‌కు చేరాం. కొలోసియం టికెట్లు ముందే తీసుకోండి. టికెట్ మీద పేరు ఉంటుంది, గుర్తింపు పత్రం చూపాలి. లోపల లిఫ్టు ఉండడం నాన్న మోకాళ్లకు పెద్ద ఊరట. అసలు కష్టం వీధుల్లోని రాతి పలకలతోనే. పెద్దవాళ్లకు మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి.

తాగునీరు కొననక్కర్లేదు. నసోని అనే వీధి కుళాయిల్లో చల్లటి నీరు నిరంతరం పారుతూనే ఉంటుంది, సీసా నింపుకుంటే చాలు. నిజంగా గొప్ప ఏర్పాటు!

భోజనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. కాచో ఎ పెపె పాస్తాలో మాంసం ఉండదు కానీ, అందులో వేసే పెకొరీనో రొమానో జున్నును (చీజ్) గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన, పాలను గడ్డకట్టించే రెన్నెట్ అనే పదార్థంతో చేస్తారు. అమ్మ దాన్ని ముట్టలేదు. ఆమెకు మరినారా పిజ్జా బాగా నచ్చింది: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. జున్నే ఉండదు. సుప్లీ అనే అన్నం ఉండల్లో తరచూ మాంసం ఉంటుంది, అడగకుండా తినకండి.

వాటికన్ మ్యూజియంలకు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు సెలవు. అక్కడి సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులుంటేనే పంపుతారు. అమ్మ చీరకు ఏ అభ్యంతరమూ రాలేదు.